గుమ్మం ముందు చలిపెట్టె

కీళ్ల నొప్పులకు మాత్రలు పోయి, మనిషిని పడుకోబెట్టి చల్లబరిచే చలిపెట్టెలు వచ్చాయి. క్లినిక్‌లోనైతే శుభ్రంగా ఉంటుందని కనకవల్లి ఎంత మొత్తుకున్నా మొగుడు శేషగిరి వినలేదు. ఇంటికొచ్చే వ్యానునే పిలిచి, గుమ్మం ముందు దించిన పెట్టెలో కాళ్లు బారజాపుకుని పడుకున్నాడు.

అద్దం మూత వేయబోతూ ఆమె ఆగిపోయింది. మూలన మంచులో బంతిపూల రేకలు, తడి పసుపు అంటుకుని ఉన్నాయి. ఆమె వ్యాను డ్రైవరు వైపు తిరిగింది.

"ఇవేంటయ్యా?"

"పొద్దున వేరే బేరమండీ," అన్నాడు డ్రైవరు చెవి గోక్కుంటూ. "వాళ్లు శవాన్ని తీసుకెళ్లిపోగానే ఇటొచ్చేశాం."

"కడిగారా?"

"ఈ చలికి క్రిములు బతకవండీ."

ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మొగుణ్ణి లెమ్మంది. శేషగిరి కళ్లు కూడా తెరవలేదు.

"పోయినాయనకి లేని బాధ నీకెందుకే? హాయిగా ఉంది, మూత వెయ్యి."

కనకవల్లి మూత వేసేసింది. పెట్టెను చూసిన ఎదురింటి సుభద్రమ్మ కళ్లొత్తుకుంటూ, చేతిలో పూలదండతో గేటు తీసుకుని వస్తోంది.

కనకవల్లి ఆమెను ఆపలేదు.