బీహార్ జ్వరం

“బీహార్ వెళ్లొచ్చారా?” అని అడిగాడు దవాఖానలో డాక్టరు. వెళ్లొచ్చినవాళ్లకే కాలా అజార్ పరీక్ష, ఉచిత మందు. ఆ జ్వరాన్ని అంటించే ఇసుక ఈగకు మన శంషాబాద్ దారి తెలియదని ఏ మహానుభావుడు తేల్చాడో!

అక్కడి అడవి పార్కులోనే కాపురముంటూ గేటు కాపలా కాసే చెన్నయ్య హైదరాబాద్ దాటి ఎరగడు. చేతుల్లో కూతురు అఖిల నెలరోజుల జ్వరంతో పుల్లలా ఉంది.

“పోయొచ్చినం సారూ, ఇటుక బట్టీల పనికి.”

పరీక్షలో ఆ రోగమే తేలింది. సూదులు మొదలయ్యాయి. కాగితం మీద మాత్రం ‘బీహార్ నుంచి తెచ్చుకున్న రోగం, పార్కుకు ప్రమాదం లేదు’ అని రాసేశారు.

చెన్నయ్య ఆరోగ్యాధికారి దగ్గరికి పరుగెత్తాడు. “అబద్ధమాడిన సారూ. మేం ఏడికీ పోలే. పార్కుల పాత గోడ నిండ ఆ ఈగలే. జర మందు కొట్టియ్యుండ్రి.”

“గట్లనా? అయితే నీ బిడ్డకు ఫ్రీ మందు ఆపమని రాయాల్నా?”

ఇంకా తొమ్మిది సూదులున్నాయి. చెన్నయ్య దండం పెట్టి వచ్చేశాడు.

మర్నాడు బడి బస్సు దిగిన పిల్లలు పాత గోడ నీడకే ఉరికారు.

“ఆడ కూసోకుండ్రి బిడ్డా!” చెన్నయ్య గేటు వదిలి అరుస్తూ వెళ్లాడు.

“ఏందన్నా, పాములున్నయా?” టీచరమ్మ నవ్వింది.

“ఉన్నయమ్మా,” అన్నాడు చెన్నయ్య. “మస్తుగున్నయి.”