ఒక్క అడుగు ముందుకు

“దీన్నెవరో కింద పడేశారు సార్,” అన్నాడు మెషిన్లు బాగుచేసే అతను, నొప్పి ఉన్నచోట దెబ్బలు కొట్టి తగ్గించే షాక్‌వేవ్ మెషిన్ హ్యాండ్‌పీస్ విప్పి ముక్కలన్నీ బల్ల మీద పరుస్తూ. “లోపల గొట్టం సొట్టపోయింది. దెబ్బ కొట్టే గుండు అందులో ఇరుక్కుపోయింది. గాలి కొడుతోంది, టకటకా చప్పుడొస్తోంది. దెబ్బ మాత్రం బయటికి రావట్లేదు.”

“ఎన్నాళ్లయి ఉంటుంది?” అని అడిగాడు పెద్ద డాక్టరు. ఆ పొద్దున తన మోచేతి నొప్పికి దాన్ని పెట్టించుకుంటే ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. అందుకే ఈ విప్పడం. పేషెంటు మీద వాడినన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు మరి.

“గుండు కొత్తదిలాగే ఉంది సార్. ఒక్క సిట్టింగుకి మించి కొట్టినట్టు లేదు.”

పక్కనే నిలబడ్డ ఫిజియోథెరపిస్టు వేళ్ల మీద లెక్కేసుకుంది. మెషిన్ వచ్చి ఐదు వారాలు. దాంతో ఆమె ఇప్పటిదాకా వైద్యం చేసింది ఒక్కరికే, మడమ నొప్పితో వస్తున్న డ్రిల్లు మాస్టారికి. వారానికొక సిట్టింగు. అంటే నాలుగు వారాలుగా ఆయన కాలికి ఆమె చేసింది ఉత్త చప్పుడు!

నిజానికి రెండో వారమే ఆమెకి తెలియాల్సింది. మొదటి సిట్టింగులో మాస్టారు పెట్టిన కేకలకి బయట కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. అంతా అయ్యాక ఆయన కళ్లలో నీళ్లు చూసి, పాపం అనిపించి, ఆమే పరిగెత్తి మంచినీళ్లు తెచ్చింది. రెండో వారం నుంచి మనిషి కిక్కురుమనలేదు. నయమయ్యేకొద్దీ దెబ్బ నొప్పి తెలియదని చదువుకుంది కదా, ఇదంతా తన హస్తవాసి అనుకుని మురిసిపోయింది. పేషెంటుకి పెట్టేముందు తన అరచేతి మీద ఒకసారి కొట్టించుకుని చూడాలి. రెండో వారం బయట జనం ఎక్కువగా ఉన్నారని మానేసింది. తర్వాత ఆ మానెయ్యడమే అలవాటైపోయింది.

“దీన్ని తుడిచేదెవరు?” పెద్ద డాక్టరు గొంతు లేచింది.

గుమ్మం దగ్గరున్న ఆయా తన చేతిలోని గుడ్డని గట్టిగా పట్టుకుంది. “నేనే సార్. కానీ పడెయ్యలేదు సార్, నా పిల్లల మీద ఒట్టు.”

“నువ్వు కాకపోతే దెయ్యం పడేసిందా? రేపట్నుంచి పనికి రావద్దు.”

ఆయా థెరపిస్టు వైపు చూసింది. ఒక్క మాట చెప్పమ్మా అన్నట్టుగా ఉంది ఆ చూపు. థెరపిస్టు ముఖం తిప్పుకుంది. నోరు విప్పితే మాస్టారి ఫైలు విప్పాలి. అందులో వారంవారం నొప్పి తొమ్మిది, ఏడు, ఐదు, మూడు, ఒకటి అని తన చేత్తోనే రాసుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని డ్రిల్లు మాస్టారు వచ్చారు. పరేడ్‌లో నడిచినట్టు నడిచొచ్చి నిలబడ్డారు. నుదుటి నిండా చెమట.

“ఏంటమ్మాయ్, అలా ఉన్నావ్? నయమైందని సర్టిఫికెట్టు రాసెయ్, వెళ్లిపోతా. సోమవారం నుంచి పిల్లల్ని పరిగెత్తించాలి. నొప్పంటావా, మాయం! నీ చేతిలో ఏదో ఉందమ్మాయ్.”

ఆ మెచ్చుకోలు ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. ఆమె చిన్నప్పుడు బళ్లో కిటికీ అద్దం పగిలినా, బెంచీ విరిగినా ఈ మాస్టారే పిల్లలందర్నీ మైదానంలో వరసగా నిలబెట్టేవారు. “తప్పు చేసినవాళ్లు ఒక్క అడుగు ముందుకు!” అని అరిచేవారు. ముందుకొచ్చినవాళ్లని ఎన్నడూ కొట్టలేదు.

ఆమె ఒక్క అడుగు ముందుకు వేసింది.

“సార్, ఆయాని పంపకండి. తప్పు నాది. మాస్టారూ, నాలుగు వారాలుగా మీ కాలికి ఏ వైద్యమూ జరగలేదు. మెషిన్ పాడైంది. నేను చూసుకోలేదు. మీకెలా తగ్గిందో నాకు తెలీదు. నన్ను క్షమించండి.”

మాస్టారి ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

“అయితే పడేసింది నువ్వేనా?” అన్నాడు పెద్ద డాక్టరు.

“కాదు సార్. చూసుకోనిది మాత్రం నేనే.”

“బావుంది! ఒకరు పడెయ్యలేదు, ఇంకొకరు చూడలేదు. పడేసిందెవరో తేలేదాకా ఇద్దరూ ఈ గడప తొక్కొద్దు.”

ఆయా గుడ్డలో ముఖం దాచుకుని ఏడ్చింది. థెరపిస్టు మెల్లగా తెల్లకోటు గుండీలు విప్పుకోసాగింది.

మాస్టారు బల్ల మీది గుండుని చూశారు. ఆయాని చూశారు. తన దగ్గర చదువుకున్న పిల్లని చూశారు. ఛాతీ విరిచి, పిడికిళ్లు బిగించి, ఒక్క అడుగు ముందుకు వేశారు. మడమ నేలకి తగలగానే “అబ్బా” అంటూ గోడ పట్టుకున్నారు.

“నొప్పి ఇసుమంత కూడా తగ్గలేదమ్మాయ్. తగ్గలేదంటే మెషిన్ విప్పి చూస్తారని భయపడ్డాను... ఆవేళ నువ్వు మంచినీళ్లకి వెళ్లినప్పుడు, నన్నింత ఏడిపించిందేంటా అని దీన్ని చేతిలోకి తీసుకుని, కింద పడేసింది నేనే.”