సగం సీసా

"నా సీసా ఎవరు ముట్టుకున్నారు?"

కోడలు స్నానాల గదిలోంచి విసవిసా బయటికొచ్చింది. ఒక చేతిలో జుట్టు సాపు చేసే కెరటిన్ సీసా, ఇంకో చేతిలో స్ట్రెయిటనర్. నిన్న సాయంత్రం తెచ్చి అద్దం వెనకాల దాచుకున్న కొత్త సీసా తెల్లారేసరికి సగమైపోయింది.

"స్ట్రెయిటనర్ ఇంకా వెచ్చగానే ఉంది. దొంగ ఈ ఇంట్లోనే ఉన్నారు!"

హాల్లో ఉన్న నలుగురూ తలలెత్తి చూశారు. రేపు పొద్దున్న ఆమెకి టీవీలో వార్తలు చదివే ఉద్యోగానికి పరీక్ష ఉందని అందరికీ తెలుసు. కిందటిసారి కెమెరా ముందు కూర్చోబెట్టి, "అంతా జుట్టే కనిపిస్తోందమ్మా, మొహం ఏదీ?" అని పంపేశారు. మరి ఆమెది అలాంటిలాంటి జుట్టు కాదు, దువ్వెన పళ్ళు రాలగొట్టే ఉంగరాల జుట్టు. ఈసారి ఇంట్లోనే కెరటిన్ రాసుకుని దాన్ని దారికి తెచ్చుకోవాలని పంతం పట్టింది. ఆ ఒత్తుకి నిండు సీసా అయినా చాలీచాలని సంగతే.

"ఇంకోటి కొనుక్కుంటే పోలా?" అన్నాడు మొగుడు పేపర్లోంచి.

"షాపులో ఇదే ఆఖరిది. అయినా నీ మీదా అనుమానం లేకపోలేదు. ఆఫీసుకెళ్ళేటప్పుడు అరగంట దువ్వుకుంటావుగా."

మొగుడు మళ్ళీ పేపర్లో దూరాడు.

కోడలి చూపు ఆడపడుచు మీదికి తిరిగింది. ఆ పిల్ల జుట్టు గీత గీసినట్టు ఉంటుంది.

"నన్నెందుకు చూస్తావ్ వదినా? నాది పుట్టినప్పట్నుంచీ ఇంతే!"

"ఇవాళ మరీ మెరుస్తోందే?"

"నూనె రాసుకున్నా!"

"సరే, మాటలెందుకు? ఇది రాసుకున్నాక మూడు రోజులదాకా తలకి చుక్క నీళ్ళు తగలకూడదు. తగిలితే పడ్డ పాటంతా నీళ్ళపాలే. అందరూ ఇక్కడే తలలు తడుపుకోండి. ఎవరు వెనకాడితే వాళ్ళే దొంగ."

కోడలు బకెట్టు తెచ్చి హాల్లోనే పెట్టింది. ఆడపడుచు మూతి ముడుచుకుని మగ్గుడు నీళ్ళు గుమ్మరించుకుంది. మొగుడు పేపరు మడిచి, కళ్ళు గట్టిగా మూసుకుని తల వంచాడు. పెళ్ళాం పోసింది. ఆ పోయడంలో పాత బాకీలు కూడా కొన్ని తీరాయి.

ఇక మిగిలింది అత్తగారు. పొద్దున్నే "చలిగా ఉంది, తలంటుకోను" అని ఆవిడ అనడం కోడలు విన్నది. అడగడానికి నోరు రాలేదు, అలాగని మగ్గు కింద పెట్టలేదు.

"నన్నే అనుమానిస్తున్నావా?" అంటూ అత్తగారు లేచింది. ముడి విప్పి, మగ్గు లాక్కుని, తనే తల మీద కుమ్మరించుకుంది. నెరిసిన ఉంగరాలన్నీ సుళ్ళు తిరిగి నిలబడ్డాయి. "చూశావా? నీకంటే గట్టి ఉంగరాలు నావి!"

కోడలు సిగ్గుతో తల దించుకుంది.

మామగారు పగలబడి నవ్వారు. "నన్ను మాత్రం వదిలేశావేం అమ్మాయ్?" అని దోసెడు నీళ్ళు తీసుకుని బట్టతల మీద చల్లుకున్నారు. "నాకు పైనా లేదు, కిందా లేదు. ఎక్కడ రాసుకోను?"

"ఉన్న మీసం కూడా పోయిన వారం గొరిగేసుకున్నారు. ఉక్కపోతట!" అని అత్తగారు దెప్పింది.

అందరూ నవ్వారు, కోడలు తప్ప. సగం సీసాతో సగం తల సాపు చేసుకుని, సగం వార్తలు చదవాలేమో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే కిటికీ మీద టపటపా చినుకులు పడ్డాయి.

"అయ్యయ్యో!" అని మామగారు ఒక్క గెంతు గెంతారు. మోకాళ్ళ నొప్పులని నెల రోజులుగా మేడ ఎక్కనంటున్న మనిషి గొడుగు లాక్కుని, రెండేసి మెట్లు చొప్పున పైకి పరిగెత్తారు.

ఒకరి మొహాలొకరు చూసుకుని నలుగురూ వెనకాలే పరిగెత్తారు.

మేడ మీద మామగారు వానలో తడిసి ముద్దవుతున్నారు. గొడుగు మాత్రం ఆయన తల మీద లేదు. పిట్టగోడ మీద బోర్లించిన గిన్నెకి పట్టారు. ఆ గిన్నె మీంచి నడుముదాకా వచ్చేంత పొడుగ్గా, నల్లగా, నున్నగా జారుతోంది ఆడవాళ్ళ జుట్టు.

"ఎవత్తెదండీ అది?" అత్తగారి గొంతు కీచుమంది.

"నాదే! విగ్గు." ఆయన గొంతు తగ్గింది. "మా రిటైరైన వాళ్ళం నాటకం వేస్తున్నాం. మహారాణి వేషం నాకిచ్చారు. మీసం తీస్తానన్నది నేనొక్కణ్ణే మరి."

"రోజూ వాకింగని వెళ్ళేది ఇందుకా!"

"అసలు జుట్టుతో చేసిందే కానీ, అద్దె విగ్గు కదా, పీచులా చిక్కుపడి ఉంది. మహారాణి జుట్టు అలా ఉంటే ఏ రాజు చూస్తాడు? సీసా మీద రాసినట్టే చేసి, వాసన పోవాలని ఇక్కడ పెట్టాను."

ఆడపడుచు ఆ జుట్టు ముట్టుకుని చూసింది. "నా జుట్టు కంటే బాగుంది నాన్నా!"

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "మరి రేపు నా గతేంటి మామయ్యగారూ?"

మామగారు విగ్గు వంక చూశారు. కోడలి తల వంక చూశారు. గొడుగు కొడుకు చేతికిచ్చి, విగ్గుని రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తి కోడలికి అందించారు.

"రేపటికి ఇది పెట్టుకెళ్ళు తల్లీ, నాటకం వచ్చే వారం కదా. ఒక్కటే మాట... మూడు రోజులదాకా మాత్రం తడపకు!"