బిగబట్టిన ఊపిరి

మొదటి దెబ్బ వీపు మీద పడింది. స్టాండుకు బిగించిన సైకిల్ మీద నుంచి ఆంథోని వరండాలో బోర్లా పడ్డాడు.

ఆదివారం ఉదయం. తల్లి సంపూర్ణ చర్చికి వెళ్లింది. పాల్వంచ కాలనీలో అడవిని ఆనుకున్న చివరి క్వార్టర్ వాళ్లది. కేకేసినా వినేవాళ్లు లేరు. ముగ్గురూ ఆ సమయం చూసుకునే వచ్చారు. ముఖాలకు తువ్వాళ్లు కట్టుకున్నారు.

“హైదరాబాద్ సెలక్షన్‌కు పోతవా?” అంటూ ఒకడు డొక్కలో తన్నాడు. “ఎట్ల పోతవో మేమూ చూస్తం.”

ఇంకొకడు జుట్టు పట్టుకుని తలను గచ్చుకేసి కొట్టాడు. ముందు పన్ను విరిగింది. నోరంతా నెత్తురు.

మూడోవాడు నోరు విప్పలేదు. ఇనప రాడ్ వాడి చేతిలోనే ఉంది. రెండుసార్లు పొట్టిగా ఊపిరి పీల్చి, బిగబట్టి, మోకాలి మీద కొట్టాడు. మళ్లీ రెండు పొట్టి ఊపిర్లు. ఈసారి దెబ్బ పడకముందే ఆంథోని పిక్కలు వాటంతటవే బిగుసుకున్నాయి. ఎముక పటుక్కుమంది.

నాలుగుసార్లు జాతీయ ట్రాక్ ఛాంపియన్‌ను చేసిన కాలు అది. ఆసియా పోటీల సెలక్షన్ ఇంకో పది రోజులే ఉంది. పాపం, ఆ ఒక్కదాని కోసమే అతను ఆరేళ్లు చెమటోడ్చాడు.

దవాఖానాకు అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది జస్టిన్. ఆరేళ్లుగా ఇద్దరిదీ ఒకే టీమ్. ఏ రేసులోనైనా జస్టిన్ ముందు, ఆంథోని వెనక. అయినా పేపర్లో పెద్దక్షరాల్లో పడేది ఆంథోని పేరే. జస్టిన్ ఈ మధ్య చివరి రౌండులో అలిసిపోతున్నాడని, అతని బదులు నాగచైతన్యను పెట్టమని కోచ్‌ను అడిగింది కూడా ఆంథోనే. అదేమీ మనసులో పెట్టుకోకుండా వచ్చాడని సంపూర్ణ అతని చేతులు పట్టుకుని ఏడ్చింది. తర్వాత మందుల కోసం బయటికి వెళ్లింది.

జస్టిన్ మంచం పక్కన కూర్చున్నాడు.

“అవతలి టీమోళ్ల పనే తమ్మీ. ఎవరన్నది ఎరుకైందా?”

“అవ్.”

“ఎట్ల? తువ్వాళ్లు కట్టుకున్నరని కాలనీ గేటు కాడ వాచ్‌మన్ జానీ మియా చూసి చెప్పిండు గదా.”

ఆంథోని విరిగిన పన్నును నాలుకతో తడుముకున్నాడు.

“గింత కోపముంటే నన్నే అడగకపోయినవా అన్నా? నా కాలెందుకు తీసినవ్?”

జస్టిన్ ముఖం పాలిపోయింది. “ఏంది? నేనని ఎట్లంటవ్?”

ముఖం దాచుకున్నాడు, గొంతూ దాచుకున్నాడు. కానీ పుట్టుకతోనే చూపులేని ఆంథోని, ఇద్దరు కలిసి తొక్కే ఒకే సైకిల్ మీద జస్టిన్ వెనక సీటులో కూర్చుని, ఆరేళ్లు ఆ రెండు పొట్టి ఊపిర్లు వినే పెడల్ తొక్కాడు.