వెనకాల పెట్ట ఉంది

ఏప్రిల్ ఇరవై తొమ్మిది. ఆ తెల్లవారుజామున తిన్నది అలబామా నుంచి మూటగట్టుకొచ్చిన మొక్కజొన్న రొట్టెలో ఆఖరి ముక్క, చల్లారిపోయిన పంది సాసేజీ. వెండెల్‌కి ఆ తేదీ అలా గుర్తుండిపోయింది. వేటకొచ్చిన అయిదు రోజుల్లో అదే ఆఖరిది.

డకోటా కొండల్లో వసంతమంటే అంతే. మొన్న ఎండ, నిన్న వడగళ్లు, ఇవాళ మంచు. గుడ్డ గుడారం కప్పు మంచు బరువుకి కుంగి నెత్తికి తగులుతోంది. లోపల రెండు మడత కుర్చీలు, ఇద్దరు మనుషులు, ఒక తుపాకి. కాళ్లు చాపుకునే జాగా లేదు. ఆరింటికి దూరారు. పది దాటింది.

బయటికి పోవడానికి వీల్లేదు. బయట అడవి టర్కీకోడి పుంజు ఉంది.

తొమ్మిదింటికి వెండెల్ చెక్కపెట్టె అంచుమీద మూతని మెల్లగా రాసి, టర్కీ పెట్ట పిలిచినట్టు కూత పలికించాడు. లోయలోంచి పుంజు గొంతు చించుకుని జవాబిచ్చింది. ఎక్కి వచ్చింది. వచ్చి, తుపాకికి అందనంత దూరంలో ఆగిపోయింది. కోడిపెట్టే తన దగ్గరికి రావాలని దాని పంతం. గుడారంలో ఎవరు కదిలినా, దగ్గినా, అది మళ్లీ దొరకదు.

"కాఫీ తాగి తప్పు చేశాను, బావా," అని గొణిగాడు లైల్.

"బిగబట్టుకో."

"గంట నుంచీ అదే పని."

లైల్ వెండెల్ భార్య తమ్ముడు. ఆమె బతికున్నన్నాళ్లూ వేటకి ఆమే వెంట వచ్చేది. పోయాక ఈ ఆరేళ్లుగా తమ్ముడు వస్తున్నాడు. మంచివాడే గాని నోరు ఊరుకోదు. మెట్టుంది జాగ్రత్త అంటాడు. కాఫీ కప్పు కుడిపక్కనుంది, తన్నకు అంటాడు. కోటు గుండీలు తప్పు పెట్టుకున్నావంటాడు. ఇరవై నాలుగు గంటల దారిలో ఒక్కసారీ స్టీరింగు వదల్లేదు. ఓ గంట నేను పట్టుకోనా అని వెండెల్ అడిగితే, అక్కని అంత తొందరగా చూడాలని నాకు లేదన్నాడు.

ఆ జాగ్రత్తల కింద వెండెల్‌కి ఒక్కోసారి ఊపిరాడదు. గుడారం నయమనిపిస్తుంది.

అయినా ఇదే ఆఖరిసారి. లైల్ తుంటి అరిగిపోయింది. ఆపరేషనంటే భయం, ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్నాడు. వచ్చే ఏడు కొండెక్కడం తన వల్ల కాదని దారిలోనే తేల్చి చెప్పేశాడు. అతను రాకపోతే వెండెల్‌ని ఇంత దూరం తెచ్చేవాళ్లు లేరు. వేటగాళ్లు లెక్కపెట్టే నాలుగు జాతుల టర్కీల్లో మూడింటిని కొట్టాడు వెండెల్. ఈ కొండజాతి పుంజు కోసం మూడు వసంతాలు వచ్చి, మూడుసార్లూ వట్టి చేతులతో వెళ్లాడు.

గడ్డకట్టిన మంచు కరకరమంది. ఒక అడుగు. కాస్త ఆగి ఇంకొకటి. రెక్కల కొసలు నేలని ఈడ్చుకుంటున్న చప్పుడు.

"వస్తున్నాడు," అన్నాడు లైల్, ఊపిరితోనే.

వెండెల్ తుపాకి ఎత్తి చెంపకి ఆన్చుకున్నాడు. లైల్ వెనకనుంచి వంగి, అతని భుజమ్మీద గడ్డం మోపి, పురమాయింపులు మొదలుపెట్టాడు. ఎడమకి అన్నాడు. ఇంకాస్త అన్నాడు. గొట్టం దించమన్నాడు, గోరంత. ఆగమన్నాడు.

"ఇప్పుడు. కాల్చు, బావా."

వెండెల్ కాల్చలేదు. పుంజు అడుగుల వెనకాల, ఒళ్లో పడుకున్న పిల్లి గుర్రుమన్నట్టు, సన్నగా ఇంకో గొంతు.

"వెనకాల పెట్ట ఉంది," అన్నాడు.

"పెట్టా లేదు, గిట్టా లేదు. వాడొక్కడే ఉన్నాడు."

"ఉందిరా."

"నా తుంటి మీద ఒట్టు. కాల్చవయ్యా."

వసంతంలో పెట్టని కొట్టకూడదు. చట్టం సంగతి అటుంచి, అవి గుడ్లు పెట్టే రోజులు. తుపాకిలోంచి వెళ్లే చిన్న గుళ్లు ఒక్కచోటికే పోవు, చెదురుతాయి. వెండెల్ ట్రిగ్గర్ మీంచి వేలు తీసేశాడు.

లైల్ తిట్లు అందుకుని, సగంలో ఆగిపోయాడు. పడిపోయిన పైన్ చెట్టు దుంగ చాటునుంచి ఏదో లేచి, ఒంటిమీది మంచు టపటపా విదిలించుకుంది. తేలికైన అడుగులు లోయవైపు సాగాయి. అంతసేపూ బెట్టు చేసిన పుంజు బరువైన అడుగులు వాటి వెనకే దిగిపోయాయి.

ఇక కదిలినా ఫరవాలేదు. వెండెల్ తుపాకి దించి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకు కనపడలేదు, బావా," అన్నాడు లైల్ చివరికి.

"కనపడే చోట లేదులే."

లైల్ కుంటుకుంటూ వెళ్లి, చెట్టుపక్కన పని ముగించుకొచ్చాడు. గుడారం తాళ్లు విప్పుతూ, తాళ్లతో చెబుతున్నట్టు, జూన్‌లో తుంటి మార్పించుకుంటానన్నాడు. అప్పుడు చేయించుకుంటే ఏప్రిల్ కల్లా కొండెక్కేంత నడక వస్తుందట. వెండెల్ కుర్చీని మూడుసార్లు మడిచి, మూడుసార్లు విప్పాడు.

వాళ్లు బస చేసిన ఇంటి యజమానురాలు, పశువులు పెంచే నెవా, ఆ సాయంత్రం అడక్కుండానే జింకమాంసం కూర మారు వడ్డించింది. పక్షి మాట ఎత్తలేదు.

పడుకోబోతూ, దీపం ఆర్పడం మరిచారేమోనని ఆమె వాళ్ల గదివైపు వచ్చింది. లోపల చీకటి, కిటికీలో మంచు వెలుగు తప్ప. లైల్ గురక.

కిటికీ పక్క కుర్చీలో వెండెల్ ఒళ్లో పుస్తకం పెట్టుకుని, ఉబ్బెత్తు చుక్కల వెంట వేళ్లు నడిపిస్తూ ఇంకా చదువుకుంటున్నాడు. పుట్టుకతోనే చూపు లేని మనిషికి దీపంతో పనేముందని, ఆమె తలుపు చప్పుడు కాకుండా మూసింది.