పిచ్చాసుపత్రి దయ్యం

"గిదెవలిచ్చిన్రు నీకు?"

కచేరీలో కొలువు ముగించుకొని వచ్చిన జగన్నాథం చెల్లెలి చేతిలోని ఇంగ్లీషు బొమ్మల పుస్తకం లాక్కున్నాడు. అట్ట మీద పిచ్చాసుపత్రి. కోరల దయ్యం ఒకామె మెడ కొరుకుతోంది.

"పక్కింటి బిల్కీస్. జుమేరాత్ బజార్ల కొన్నదట," అంది అలివేలు.

"ఆర్నెల్లు పిచ్చి దవాఖాన్ల ఉండొచ్చినవ్. ఇంటికొచ్చి నెల కాలే. గౌలిపుర బస్తీ అంతా పిచ్చిది అంటనే ఉన్నరు. మల్ల గిసొంటియి సదువుతవా? పొద్దుగాల్ల తోల్కపోయి ఆడనే ఇడిచిపెట్టొస్త!"

"ఇడ్వు. ముందుగాల కత ఇను. నీకు ఉర్దూ తప్ప ఇంగ్లీషు రాదు గద."

అతను పుస్తకం చింపబోయాడు. అలివేలు రెండో కొస పట్టుకుంది.

"గా దయ్యం దవాఖాన డాక్టరే. రోగుల రక్తం తాగుతడు. ఒకామె చూసి అందరికీ చెప్తది. పిచ్చిదాని మాటని ఎవలూ ఇనరు."

"దయ్యాలున్నయని నమ్ముతున్నవా?"

"నాకేం పిచ్చా? ఆడికెల్లి నీకు మూడు ఉత్తరాలు రాసిన. ఏం జేసినవ్?"

"ఆ దవాఖాన డాక్టరుకే చూపెట్టిన. పిచ్చిల రాసింది, ఫికర్ చెయ్యకున్రి అన్నడు."

"నువ్వు సదివినవా?"

"సదివిన."

"రక్తం తాగుతున్నరని రాసిన్నా, అన్నా?"

"లే."

"మరేం రాసిన? నీ నోటితోని చెప్పు."

జగన్నాథం పుస్తకం వదిలేశాడు.

"కొడుతున్నరని."