సువర్ణ మోకాలు

నా పేరు భద్రమ్మ. వయసు డెబ్బై దాటింది. ధర్మవరంలో కొడుకు ఓబిలేష్, కోడలు సువర్ణతో ఉంటాను. చదువు రాదు. నేను చెబుతున్నాను, పోలీసు రైటరు రాస్తున్నారు.

సువర్ణ మోకాలిలో లిగమెంటు తెగితే డాక్టరు ఆపరేషన్ చేసి కొత్తది వేశాడు. ఆమె రక్తాన్నే మిషన్లో తిప్పి, గాయం మాన్పే భాగం తీసి అక్కడ ఎక్కించాడు. కోలుకుని మగ్గమెక్కింది. ఇప్పుడు మళ్లీ తెగింది. డాక్టరు మీద ఫిర్యాదు ఇమ్మని నా కొడుకే నన్ను స్టేషనుకు తీసుకొచ్చాడు.

"ఆ రక్తంతోనే చెడిందని చెప్పుమా," అని నా కొడుకు పక్కనే నిలబడి గొణుగుతున్నాడు.

"నోర్ముయ్‌రా. ఆ రక్తం దాని పని చేసినాది. నువ్వు తన్నకుంటే ఎట్ల తెగుతాది?"

సారూ, ఫిర్యాదులో డాక్టరు పేరు కొట్టేయండి. రెండుసార్లూ తన్నింది వీడే, నేను చూశాను. అక్కడ నా కొడుకు పేరు రాయండి.

వేలిముద్ర: భద్రమ్మ.
సాక్షులు: సువర్ణ, పక్కింటి హుస్సేన్‌బీ.